చిరునామా చివరి నుంచి చదవండి: బ్యాంకు పేరుతో వచ్చే దొంగ మెయిల్‌ను గుర్తుపట్టడం ఎలా?

మా పెదనాన్న తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు. విజయవాడ ఆర్‌ఎంఎస్ (రైల్వే మెయిల్ సర్వీసు)లో ముప్పై ఏళ్లు ఉత్తరాలు సార్టింగ్ చేశారు. నవంబరులో ఒకరోజు రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేశారు. ఆయన గొంతులో కంగారు మొదటి మాటలోనే తెలిసిపోయింది.

"ఒరే, బ్యాంకు వాళ్లు మెయిల్ పెట్టార్రా. నా లైఫ్ సర్టిఫికెట్ అందలేదట. ఈ రాత్రి పన్నెండులోగా లింకులో వివరాలు నింపకపోతే వచ్చే నెల పెన్షన్ ఆపేస్తారట. నింపుదామని కూర్చున్నాను గానీ, ఏ పాస్‌వర్డ్ అడుగుతున్నాడో అర్థం కావడం లేదు."

"పెదనాన్నా, ఆ ట్యాబ్ మీంచి చెయ్యి తీసేయండి. ఇంకేం నొక్కకండి. నేను అడిగింది మాత్రం చదివి చెప్పండి" అన్నాను.

ఆ తర్వాత మేమిద్దరం అరగంట సేపు చేసిన పనే ఈ వ్యాసం. ఇంట్లో ఈమెయిల్ వాడే పెద్దలకు, కొత్తగా బ్యాంకు ఖాతా తెరిచిన పిల్లలకు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పడానికి వీలుగా, ఒక్కో అడుగూ చెబుతాను.

ముందుగా ఒక మాట. ఆ మెయిల్‌ను పెదనాన్న నమ్మడంలో తెలివితక్కువతనం లేదు. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలన్నది నిజం. ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుందన్నదీ నిజం. దొంగ ఆ నిజాన్ని పట్టుకునే మెయిల్ రాశాడు. వాళ్లకూ ఒక క్యాలెండర్ ఉంటుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసే రోజుల్లో రీఫండ్ మెయిల్, నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ మెయిల్, ఏడాది పొడుగునా కేవైసీ, పాన్, రివార్డు పాయింట్ల మెయిళ్లు. ఒకే మెయిల్ లక్షల మందికి పంపుతారు. మీకు ఫలానా బ్యాంకులో ఖాతా ఉందని పంపేవాడికి తెలియనక్కరలేదు. ఆ లక్షల్లో కొందరికి నిజంగానే ఆ బ్యాంకులో ఖాతా ఉంటుంది. వాళ్లు అది తమకోసమే వచ్చిందనుకుంటారు. చెరువులో ఎక్కడ చేప ఉందో తెలియకుండానే గాలం వేసినట్టు. దీనికి ఫిషింగ్ అన్న పేరు అందుకే వచ్చింది.

మొదటి అడుగు: ఏమీ నొక్కకుండా ఆగండి

మెయిల్ తెరిచి చదివినంత మాత్రాన సాధారణంగా డబ్బు పోదు. లింకు నొక్కి వివరాలు నింపితే, జతచేసిన ఫైలు తెరిస్తే, అందులో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే అప్పుడు పోతుంది. కాబట్టి చదువుతూ ఆగిపోయినవారు ఇంకా క్షేమంగానే ఉన్నట్టు. ఈ సంగతి తెలిస్తే సగం భయం పోతుంది.

మెయిల్‌లో గడువు ఎంత ఇచ్చాడో చూడండి. రెండు గంటలు, ఇరవై నాలుగు గంటలు, ఈ అర్ధరాత్రి. బ్యాంకుల పని అలా నడవదు. రిజర్వు బ్యాంకు నిబంధనల్లో కేవైసీ నవీకరణకు ఉన్న వ్యవధులు ఏళ్లలో ఉంటాయి: రిస్కు ఎక్కువ అనుకున్న ఖాతాలకు రెండేళ్లకోసారి, మధ్యస్థమైతే 8 ఏళ్లకోసారి, తక్కువైతే 10 ఏళ్లకోసారి. వివరాల్లో మార్పేమీ లేకపోతే ఆ మాట స్వయంగా రాసిచ్చినా చాలని రిజర్వు బ్యాంకు 2023 జనవరిలో స్పష్టం చేసింది. ఏళ్ల లెక్కన సాగే పనికి ఈ అర్ధరాత్రి గడువు పెట్టేది దొంగే. వాడి లెక్కలో మీరు ఎవరినీ అడగకూడదు, కొడుక్కో కూతురికో ఫోన్ చేయకూడదు, తెల్లారి బ్రాంచికి వెళ్లకూడదు. ఆ గడువు పెట్టింది అందుకే.

రెండో అడుగు: పేరు వదిలేసి చిరునామా తెరవండి

మెయిల్ పైన పెద్ద అక్షరాల్లో బ్యాంకు పేరు, పక్కన గుండ్రంగా బ్యాంకు గుర్తు కనిపిస్తాయి. ఆ పేరును పంపేవాడు తానే టైపు చేసుకుంటాడు. నేను కావాలంటే అక్కడ మీ పేరే పెట్టి మీకు మెయిల్ పంపగలను. ఉత్తరం కవరు మీద ఎడమ మూల 'ఫ్రమ్' అని ఎవరి పేరు రాసినా పోస్టాఫీసు వాళ్లు సరిచూడరు కదా, ఇదీ అంతే.

చూడాల్సింది ఆ పేరు వెనకున్న అసలు చిరునామా. ఫోన్‌లో జీమెయిల్ వాడుతుంటే, పంపినవారి పేరు కింద 'టు మీ' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పక్కనే ఉన్న చిన్న బాణాన్ని నొక్కండి. పూర్తి చిరునామా బయటపడుతుంది. కంప్యూటర్‌లోనూ అదే బాణం ఉంటుంది. అది నొక్కడం వల్ల ఏ ప్రమాదమూ లేదు. లింకు కాదు, మెయిల్ యాప్‌లో భాగం.

ఆ చిరునామా జీమెయిల్‌దో యాహూదో అయితే ఇంకేం చూడనక్కరలేదు. ఏ బ్యాంకూ ఖాతాదారులకు ఉచిత మెయిల్ ఖాతా నుంచి రాయదు. కానీ ఇప్పటి దొంగలు అంత తేలిగ్గా దొరకరు. బ్యాంకు పేరు ఎక్కడో ఒకచోట కలిసేలా సొంత చిరునామా కొనుక్కుంటారు. అందుకే మూడో అడుగు మిగతావాటికన్నా ముఖ్యం.

మూడో అడుగు: చిరునామాను చివరి నుంచి చదవండి

పెదనాన్నను అడిగాను. "సార్టింగ్ చేసేటప్పుడు కవరు మీద ముందు ఏం చూసేవారు?"

"పిన్‌కోడ్. అది రాయకపోతే చివరి లైను. మొదటి లైనులో పేరుతో మాకేం పనిరా? పేరు పోస్ట్‌మ్యాన్ చూసుకుంటాడు."

1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చినప్పటి నుంచీ సార్టింగ్ వాళ్ల చూపు అలాగే సాగుతోంది. అడుగున ఉన్న అంకెల్లో మొదటిది 5 అయితే ఉత్తరం ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల వైపు పోతుంది. పైన ఎవరి పేరు ఎంత అందంగా రాసినా ఆ ఉత్తరం దారి మారదు.

ఇంటర్నెట్ చిరునామా కూడా అంతే. మెయిల్ చిరునామాలో 'ఎట్' గుర్తు తర్వాత ఉన్నది మాత్రమే తీసుకోండి. చుక్కలతో విడదీసిన ముక్కలుగా ఉంటుంది. కుడివైపు చివరి ముక్క రాష్ట్రం అనుకోండి: 'కామ్', 'ఇన్', 'ఆర్గ్' లాంటివి. దాని ముందున్న ముక్క ఊరు. ఈ రెండూ కలిస్తేనే ఆ చిరునామా యజమాని ఎవరో తెలుస్తుంది. అంతకు ఎడమవైపున్న ముక్కలన్నీ ఆ యజమాని తన ఇష్టం వచ్చినట్టు రాసుకునేవి. తన ఇంటి గోడ మీద తాను ఏ పేరైనా రాసుకోవచ్చు కదా.

ఒక ఉదాహరణ చూద్దాం. మీ బ్యాంకు పేరు ఉండాల్సిన చోట 'మీబ్యాంకు' అని రాస్తున్నాను. మెయిల్ ఇలా వచ్చిందనుకోండి: అలర్ట్స్ ఎట్ మీబ్యాంకు డాట్ పెన్షన్‌సేవ డాట్ కామ్. ఎడమ నుంచి చదివే కంటికి ముందు బ్యాంకు పేరే తగులుతుంది, మనసు కుదుటపడుతుంది. చివరి నుంచి చదవండి. కామ్. దాని ముందు పెన్షన్‌సేవ. యజమాని 'పెన్షన్‌సేవ డాట్ కామ్'. ఆ పేరు కొనుక్కున్నవాడు ఎవడో మనకు తెలియదు. 'మీబ్యాంకు' అన్నది వాడు గోడ మీద రాసుకున్న రాత.

మన తెలుగువాళ్లం ఇక్కడ ఇంకో కారణం వల్ల కూడా మోసపోతాం. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. ఎవరి తాలూకు అన్నది ముందే వెతకడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇంటర్నెట్ చిరునామాలో ఇంటిపేరు చివర ఉంటుంది. దొంగ మన చూపు పడే చోట బ్యాంకు పేరు పెట్టి, తన అసలు ఇంటిపేరును చివర దాచుకుంటాడు.

కొన్నిచోట్ల చివరి రెండు ముక్కల బదులు మూడు చూడాలి. 'కో డాట్ ఇన్', 'గవ్ డాట్ ఇన్' లాంటివి రెండు ముక్కలైనా కలిపి ఒకే రాష్ట్రం అనుకోవాలి. వాటి ముందున్న ముక్క ఊరు. ఈ వరుసలోకే ఇప్పుడు మనందరికీ పనికొచ్చే కొత్త చిరునామా ఒకటి చేరింది.

2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు, దేశంలోని బ్యాంకులన్నీ 'బ్యాంక్ డాట్ ఇన్' అన్న ప్రత్యేక చిరునామాకు మారాలని ప్రకటించింది. మారడానికి అదే ఏడాది అక్టోబరు 31 గడువు. ఆ చిరునామాలు ఇచ్చే అధికారం ఒకే ఒక్క సంస్థకు ఉంది. అది హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ, రిజర్వు బ్యాంకు నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ. 'కామ్'తో ముగిసే పేరును డబ్బు కట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు. చివర 'బ్యాంక్ డాట్ ఇన్' ఉన్న పేరు బ్యాంకుకు తప్ప ఇంకొకరికి ఇవ్వరు. స్టేట్ బ్యాంకుది 'ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అలా వచ్చిందే. మీ ఖాతా ఉన్న బ్యాంకు కొత్త చిరునామా ఏమిటో బ్రాంచిలో అడిగి, పాస్‌బుక్ వెనక రాసిపెట్టుకోండి. చాలా గొప్ప సదుపాయం ఇది. ఇంకా ఎందరికో తెలియదు, మీ చుట్టుపక్కల వాళ్లకు చెప్పండి.

ఒక జాగ్రత్త. బ్యాంకులు వెబ్‌సైటు మార్చినా కొన్ని మెయిళ్లు పాత చిరునామా నుంచే పంపుతుండవచ్చు. అందువల్ల పంపినవారి చిరునామాలో 'బ్యాంక్ డాట్ ఇన్' లేనంత మాత్రాన దొంగ అని తేల్చేయకండి. అనుమానం మాత్రం పెట్టుకుని ఆరో అడుగుకు వెళ్లండి.

ఇక అక్షరాల మాయ. పెదనాన్నను తనకొచ్చిన మెయిల్ చిరునామా చదవమంటే మొదటిసారి గబగబా బ్యాంకు పేరే చదివారు. "అలా కాదు, ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పండి" అన్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టారు. సగంలో ఆగిపోయారు. "ఇక్కడ ఎమ్ లేదురా. ఆర్, ఎన్ రెండూ అంటించి రాశాడు." ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఆర్ పక్కన ఎన్ పెడితే అచ్చం ఎమ్ లాగే ఉంటుంది. అలాగే చిన్న ఎల్, పెద్ద ఐ, ఒకటి అంకె మూడూ నిలువు గీతలే. ఓ అక్షరానికీ సున్నాకీ తేడా ఫోన్ తెరమీద కనిపించదు. మనకు థ, ధ లాగా అనుకోండి. లోపలి చుక్క చూడకపోతే కథ కాస్తా కధ అవుతుంది. అందుకని చిరునామాను పదంగా చదవకండి, అక్షరం అక్షరం వేలు పెట్టి చదవండి.

చిరునామా సరిగ్గా ఉన్నా మెయిల్ దొంగది కావచ్చా అంటే, కావచ్చు. 'ఫ్రమ్' చిరునామాను కూడా నకలు చేసే పద్ధతులున్నాయి. దాన్ని ఆపడానికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు తనిఖీలను మెయిల్ సంస్థలు చేస్తాయి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మెయిల్ పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కితే 'షో ఒరిజినల్' అని వస్తుంది. అందులో ఈ మూడింటి పక్కన 'పాస్' అనో 'ఫెయిల్' అనో ఉంటుంది. ఫెయిల్ అని ఉంటే ఆ మెయిల్‌ను నమ్మకండి. పాస్ అని ఉంటే మాత్రం తొందరపడి సంబరపడొద్దు. ఆ చిరునామా నుంచే వచ్చిందని మాత్రమే దానర్థం. దొంగ తన సొంత చిరునామా నుంచి పంపిన మెయిల్ కూడా పాస్ అవుతుంది. అది బ్యాంకు చిరునామానా కాదా అన్నది మళ్లీ మనమే చివరి నుంచి చదివి తేల్చుకోవాలి.

నాలుగో అడుగు: లింకు నొక్కకుండా లోపలికి చూడండి

లింకు మీద రాసిన మాట వేరు, అది తీసుకెళ్లే చోటు వేరు. నీలం అక్షరాల్లో బ్యాంకు చిరునామా రాసి ఉన్నా, నొక్కితే ఇంకెక్కడికో పోవచ్చు. విజయవాడ బోర్డు పెట్టుకున్న బస్సు ఎక్కితే అది ఇంకో ఊరు పోయినట్టు.

కంప్యూటర్‌లో మౌస్ బాణాన్ని లింకు మీద ఉంచండి, నొక్కకండి. తెర అడుగున ఎడమ మూల అసలు చిరునామా కనిపిస్తుంది. ఫోన్‌లో వేలు లింకు మీద కాసేపు అలాగే నొక్కిపట్టి ఉంచితే ఒక పెట్టెలో చిరునామా వస్తుంది. చూశాక పెట్టె మూసేయండి. చెయ్యి వణికే పెద్దవాళ్లు ఈ పని ఫోన్‌లో చేయవద్దు. పట్టు తప్పి నొక్కేస్తారు. వాళ్లు నేరుగా ఆరో అడుగుకు వెళ్లడం మేలు.

లింకు చిరునామా పొడుగ్గా ఉంటుంది. 'ఎచ్‌టీటీపీఎస్', దాని పక్కన రెండు వాలుగీతలు, తర్వాత చిరునామా, తర్వాత మళ్లీ ఒక వాలుగీత. ఆ మూడో వాలుగీత దగ్గర ఆగండి. అక్కడి నుంచి వెనక్కి, ఎడమవైపు చదవండి. గీతకు కుడివైపు ఏముందన్నది వదిలేయండి. అక్కడ బ్యాంకు పేరు, లాగిన్, సెక్యూర్ అన్న మాటలు పదిసార్లు ఉన్నా వాటికి విలువ లేదు. ఊరి పేరు దాటాక వీధిలో ఎన్ని బోర్డులుంటే మనకెందుకు? చిరునామా మధ్యలో 'ఎట్' గుర్తు కనిపిస్తే మరీ జాగ్రత్త. వాలుగీతకు ముందు ఆ గుర్తు వస్తే, దానికి ఎడమవైపు ఉన్నది చిరునామాలో లెక్కలోకే రాదు.

కొన్ని మెయిళ్లలో లింకు బదులు క్యూఆర్ కోడ్ పెడుతున్నారు. దాని వెనకున్న చిరునామా కంటికి కనబడదు కాబట్టి దొంగకు అనుకూలం. మెయిల్‌లో వచ్చిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయవద్దు, అంతే.

ఐదో అడుగు: ఏం అడుగుతున్నాడో చూడండి

పాస్‌వర్డ్, పిన్, ఓటీపీ, కార్డు వెనకున్న మూడంకెల సీవీవీ. ఈ నాలుగింటిలో ఏది అడిగినా అది బ్యాంకు కాదు. ఈ విషయం చాలామందికి తెలుసు. తెలిసినవాళ్లు కూడా ఓటీపీ దగ్గర ఎందుకు దెబ్బతింటున్నారో చెబుతాను.

మీరు దొంగ పేజీలో యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టిన క్షణంలోనే, వాడు వాటిని అసలు బ్యాంకు సైటులో కొడతాడు. అప్పుడు అసలు బ్యాంకు మీ ఫోన్‌కు అసలు ఓటీపీ పంపుతుంది. ఎప్పుడూ వచ్చే పేరుతోనే, ఎప్పుడూ వచ్చే వరుసలోనే వస్తుంది. దాంతో ఉన్న కాస్త అనుమానం కూడా పోతుంది. "బ్యాంకు నుంచే ఓటీపీ వచ్చింది కదా" అనుకుంటాం. ఓటీపీ నిజమైనదే. దాన్ని అడుగుతున్న పేజీ దొంగది. అందుకని ఓటీపీ సందేశంలో అంకెలు మాత్రమే చూసి ఊరుకోవద్దు, మొత్తం చదవండి. ఎంత మొత్తానికి, ఏ పనికి అన్నది చాలా బ్యాంకులు అందులోనే రాస్తాయి. లైఫ్ సర్టిఫికెట్ నింపుతుంటే 'కొత్త లబ్ధిదారును చేర్చడానికి' అని ఓటీపీ ఎందుకొస్తుంది? ఆ ఒక్క వాక్యం చదివి ఆగిపోయినవాళ్ల డబ్బు ఖాతాలోనే ఉండిపోతుంది.

జతచేసిన ఫైళ్ల సంగతి. బ్యాంకు స్టేట్‌మెంట్ మామూలుగా పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్‌గా వస్తుంది. మెయిల్‌కు 'ఎచ్‌టీఎమ్‌ఎల్' ఫైలు జతచేసి ఉంటే తెరవకండి. తెరిస్తే బ్యాంకు లాగిన్ పేజీ లాంటిది కనిపిస్తుంది. అది మీ ఫోన్‌లోని ఫైలే కనుక పైన సరిచూడటానికి వెబ్ చిరునామా కూడా ఉండదు. పేరు చివర 'ఏపీకే' అని ఉంటే అది ఫైలు కాదు, ఫోన్‌లో కూర్చునే యాప్. మీ ఎస్ఎమ్ఎస్‌లు చదివే అనుమతి దానికి ఒకసారి ఇస్తే, ఓటీపీ మీరు చెప్పనక్కరలేకుండానే దొంగకు చేరుతుంది. వాట్సాప్‌లో తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా ఏపీకేను ముట్టుకోవద్దు. వాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉండి ఉండవచ్చు.

లింకూ ఫైలూ ఏమీ లేకుండా కేవలం 'కస్టమర్ కేర్' నంబరు ఇచ్చే మెయిళ్లు ఇంకో రకం. ఫోన్ చేస్తే చాలా మర్యాదగా మాట్లాడి, సాయం చేస్తామంటూ తెర పంచుకునే యాప్ వేయించుకుంటారు. ఎనీడెస్క్ లాంటి యాప్‌లతో ఇలా మోసాలు జరుగుతున్నాయని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఆ యాప్ చేసిన తప్పేం లేదు, దూరం నుంచి కంప్యూటర్ బాగుచేసేవాళ్లు వాడే పనిముట్టు అది. అపరిచితుడికి మన తెర చూపించడమే ప్రమాదం.

నమ్మకూడని గుర్తులు

అడుగుల మధ్యలో ఆగి ఈ మాట చెప్పాలి. ఒకప్పుడు నేర్పిన కొన్ని గుర్తులు ఇప్పుడు పనిచేయవు, వాటిని నమ్ముకుంటే ప్రమాదం కూడా.

తప్పుల తడక ఇంగ్లీషు ఉంటే దొంగ మెయిల్ అనేవారు. ఇప్పుడు కృత్రిమ మేధ సాయంతో ఎవరైనా తప్పుల్లేని ఇంగ్లీషు, చక్కటి తెలుగు కూడా రాయించుకోవచ్చు. తప్పులుంటే అనుమానించండి. లేకపోతే నమ్మకండి. వెబ్ పేజీ పైన తాళం బొమ్మ ఉంటే క్షేమమనేవారు. తాళం చెప్పేదల్లా మీకూ ఆ సైటుకూ మధ్య సాగే మాట మూడోవాడికి వినబడదని. అవతల ఉన్నదే దొంగైతే ఆ తాళం ఏం కాపాడుతుంది? బ్యాంకు లోగో, రంగులు, అడుగున చిన్న అక్షరాల హెచ్చరికలు, ఇవన్నీ అసలు మెయిల్ నుంచి నకలు చేసుకోవడానికి నిమిషం పట్టదు.

అన్నిటికన్నా బాగా మోసం చేసేది కార్డు నంబరు. "4 తో మొదలయ్యే మీ కార్డు" అంటూ మొదటి నాలుగంకెలో ఆరంకెలో రాసి, మిగతావి చుక్కలు పెడతారు. తీసి చూస్తే మీ కార్డు మీద అవే అంకెలు ఉంటాయి. గుండె జారుతుంది. కార్డు మొదటి అంకెలు మీవి కావు, బ్యాంకువి. ఆ బ్యాంకు ఆ రకం కార్డు ఇచ్చిన వేలమందికి అవే ఉంటాయి. మీకే చెందినవి చివరి అంకెలు. బ్యాంకులు రాసేటప్పుడు చివరి నాలుగంకెలు చూపిస్తాయి. ఇక్కడ కూడా చివరి నుంచే చదవాలన్నమాట. చివరి అంకెలు సరిపోయినా, ఎక్కడో లీకైన జాబితా నుంచి దొంగకు దొరికి ఉండవచ్చు కాబట్టి మిగతా అడుగులు మానవద్దు.

ఆరో అడుగు: మీ దారిలో వెళ్లి అడగండి

ఇంతవరకు చెప్పినవన్నీ కష్టంగా తోచినవారు ఈ ఒక్క అడుగు పట్టుకున్నా చాలు. మెయిల్ చూపించిన దారిలో వెళ్లకండి. మీకు ముందే తెలిసిన దారిలో వెళ్లండి.

మెయిల్ మూసేయండి. ఫోన్‌లో ఎప్పటినుంచో ఉన్న బ్యాంకు యాప్ తెరవండి. నిజంగా కేవైసీ బాకీ ఉంటే, లైఫ్ సర్టిఫికెట్ అందకపోతే అక్కడ తెలుస్తుంది. యాప్ వాడనివారు కార్డు వెనక ముద్రించిన నంబరుకో, పాస్‌బుక్ మీదున్న నంబరుకో ఫోన్ చేయండి. గూగుల్‌లో 'కస్టమర్ కేర్ నంబరు' అని వెతక్కండి. అక్కడ కూడా దొంగలు తమ నంబర్లు పెట్టి ఉంచుతారు. మీరు ఫోన్ చేయకముందే 'బ్యాంకు నుంచి' అంటూ ఎవరైనా చేస్తే నంబరు చూడండి. ఖాతాల పనిమీద బ్యాంకులు చేసే ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి వస్తే పెట్టేయండి.

బ్రాంచికి నడిచి వెళ్లగలిగితే అన్నిటికన్నా మంచిది. పెదనాన్న మర్నాడు ఉదయం అదే చేశారు. ఆయన లైఫ్ సర్టిఫికెట్ అప్పటికి పది రోజుల ముందే చేరింది.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఇక్కడ ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలున్న మనవాళ్లకు ఈ అడుగు కష్టం. డాలస్‌లో పగలైతే ఇక్కడ బ్రాంచి మూసి ఉంటుంది. పన్ను నివాసం గురించి ఎఫ్ఏటీసీఏ పత్రం నింపమని బ్యాంకులు నిజంగానే అడుగుతాయి కాబట్టి, అదే పేరుతో వచ్చిన దొంగ మెయిల్‌నూ నమ్మేస్తారు. బ్యాంకు విదేశీ ఖాతాదారుల నంబరును ఈసారి ఊరొచ్చినప్పుడు బ్రాంచిలోనే అడిగి ఫోన్‌లో దాచుకోండి. ఒక్క రాత్రి ఆగితే ఇక్కడ తెల్లారుతుంది.

ఏడో అడుగు: అప్పటికే నొక్కేసి ఉంటే

సిగ్గుపడి దాచవద్దు. ఈ మాట ఇంట్లో చిన్నవాళ్లకు కూడా చెబుతున్నాను: పెద్దవాళ్లు వచ్చి చెప్పినప్పుడు "ఎవరు నొక్కమన్నారు?" అని కసురుకోకండి. కసిరితే రెండోసారి చెప్పరు. ఇక్కడ నిమిషాలు పోతే డబ్బు పోతుంది.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కు ఫోన్ చేయండి. కేంద్ర హోంశాఖ ఆధ్వర్యంలో నడిచే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ అది. ఫిర్యాదు అందగానే డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్తుంది. దొంగ ఇంకో ఖాతాలోకి మళ్లించకముందే పట్టుకోగలిగితే ఆ మొత్తాన్ని అక్కడే ఆపేస్తారు. ఆలస్యమైన కొద్దీ అది ఒక ఖాతా నుంచి పది ఖాతాలకు పాకుతుంది. ఖాతా నంబరు, పోయిన మొత్తం, సమయం, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకుని మాట్లాడండి. వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోండి. 'సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్' పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు.

ఆ వెంటనే బ్యాంకుకు చెప్పి కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. పాస్‌వర్డ్ మార్చండి, అయితే లింకు నొక్కిన ఆ ఫోన్‌లో కాదు, వేరేదానిలో. మెయిల్ పాస్‌వర్డ్ కూడా అదే పెట్టుకుని ఉంటే దాన్నీ మార్చండి. ఏపీకే గానీ తెర పంచుకునే యాప్ గానీ వేసి ఉంటే ముందు ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, 1930కు ఇంకో ఫోన్ నుంచి చేయండి. దొంగ మెయిల్‌ను కోపంతో చెరిపేయవద్దు, అది సాక్ష్యం.

బ్యాంకుకు చెప్పడానికి ఆలస్యం చేయకూడదనడానికి ఇంకో కారణం రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశంలో ఉంది. తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మూడో చోట జరిగి, లావాదేవీ సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా మీరు బ్యాంకుకు తెలియజేస్తే నష్టం మీ మీద పడదు. మీరే పాస్‌వర్డో ఓటీపీయో ఇచ్చేసి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మీది. చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుది. అంటే తప్పు మనదైనప్పుడు కూడా, ఫోన్ చేసిన క్షణం నుంచి మనకు రక్షణ మొదలవుతుంది. ఎన్నింటికి చెప్పారో రుజువు ఉండాలి కాబట్టి ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు.

అభ్యాసం

ఆ వారం చివర్లో పెదనాన్నకు నాలుగు చిరునామాలు కాగితం మీద రాసిచ్చాను. మీరూ చేసి చూడండి. ఏవి అసలువి, ఏవి నకిలీవి?

ఒకటి: మీబ్యాంకు డాట్ బ్యాంక్ డాట్ ఇన్.
రెండు: మీబ్యాంకు, అడ్డగీత, బ్యాంక్ డాట్ ఇన్.
మూడు: నెట్‌బ్యాంకింగ్ డాట్ మీబ్యాంకు డాట్ బ్యాంక్ డాట్ ఇన్.
నాలుగు: మీబ్యాంకు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్ ఖాతాసేవ డాట్ కామ్.

మొదటిది అసలుదని ఆయన వెంటనే చెప్పారు. మూడోది పొడుగ్గా ఉందని కాస్త తటపటాయించి, చివర 'బ్యాంక్ డాట్ ఇన్', దాని ముందు బ్యాంకు పేరు సరిగ్గా ఉన్నాయి కనుక అదీ అసలుదే అన్నారు. రెండోదాని దగ్గర చాలాసేపు ఆగారు. చుక్క ఉండాల్సిన చోట అడ్డగీత ఉంది. గీత పెడితే రెండు ముక్కలు కాదు, ఒకే ముక్క. అంటే 'ఇన్' అన్న రాష్ట్రంలో ఎవడైనా కొనుక్కోగలిగిన ఊరి పేరు. నకిలీ.

నాలుగోది చూసి మాత్రం నవ్వారు. "వీడు మంచి పిన్‌కోడే రాశాడ్రా, కానీ పై లైనులో రాశాడు. మా సార్టింగ్‌లో ఇది ఖాతాసేవ గూట్లోకే పోతుంది" అని, కాగితం నాకు తిరిగి ఇచ్చేశారు.